పడని మందు

పాఠ్యభాగ ఉద్దేశం

రోగాన్ని పోగొట్టవలసిన ఔషధమే కొందరిలో కొత్త ఆపదకు కారణమవుతుంది. ఆ ఆపదను గుర్తించలేకపోవడం ప్రమాదకరం. లేని ఆపదను ఉన్నట్లు భావించి మేలైన మందును జీవితాంతం దూరం చేసుకోవడం కూడా నష్టదాయకమే. యాంటీబయాటిక్ మందుల వల్ల కలిగే ఎలర్జీ స్వభావాన్ని వివరించి, ఆ మందులను వివేకంతో వాడే పద్ధతిని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారి నిత్యవ్యవహారంలో ‘పడదు’ అనే మాటకు విస్తృతమైన ప్రయోగం ఉంది. ఇద్దరి మధ్య పొత్తు కుదరకపోతే వారికి పడదంటారు. వంకాయ తింటే ఒళ్ళు దురదపెట్టేవారు తమకు వంకాయ పడదంటారు. ఊరు మారగానే జలుబు చేసినవారు ఆ ఊరి నీళ్ళు పడలేదంటారు. మందుల విషయంలోనూ ఇదే మాట వినిపిస్తుంది. మాత్ర మింగాక కడుపులో తిప్పినా, విరేచనాలైనా, ఒంటిమీద దద్దుర్లు లేచినా, ఊపిరాడక ప్రాణం మీదికి వచ్చినా అన్నింటికీ కలిపి ‘ఆ మందు పడలేదు’ అన్న ఒక్క మాటే వాడతారు. సంభాషణకు ఈ మాట సరిపోతుంది. చికిత్స చేయవలసిన వైద్యునికి మాత్రం ఇది చాలదు. ఏ మందు పడలేదు, పడకపోవడం అంటే ఏమి జరిగింది, ఎంతసేపటికి జరిగింది అన్న వివరాలు తెలిస్తేనే ఆ మాటకు అర్థం సిద్ధిస్తుంది.

శరీరానికి ఒప్పే పదార్థాన్ని ఆయుర్వేదం సాత్మ్యమనీ, ఒప్పనిదాన్ని అసాత్మ్యమనీ వ్యవహరించింది. అందరికీ హితమైన పదార్థమే ఒకరికి అహితం కావచ్చునన్న భావన మన దేశంలో ప్రాచీనమైనదే. ఆధునిక వైద్యశాస్త్రంలో ఈ భావనకు సమీపంగా ఉన్న పదం ‘ఎలర్జీ’. వియన్నాకు చెందిన క్లెమెన్స్ వాన్ పిర్కే అనే వైద్యుడు 1906లో ఈ పదాన్ని కల్పించాడు. ‘వేరైన’ అనీ, ‘పని’ అనీ అర్థాలు గల రెండు గ్రీకు పదాల నుంచి ఇది పుట్టింది. శరీరం తాను చేయవలసిన పనిని వేరొక తీరున చేయడమే ఎలర్జీ. తెలుగులో దీనిని అసాత్మ్యత అనవచ్చు.

దివ్యౌషధం అవతరణ

1928 సెప్టెంబరులో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే శాస్త్రజ్ఞుడు తాను బాక్టీరియాను పెంచుతున్న పళ్ళెంలో ఒకచోట బూజు పట్టడం గమనించాడు. ఆ బూజు చుట్టూ ఉన్న బాక్టీరియా నశించింది. బూజు పెనిసిలియం జాతికి చెందినది కావడంచేత, అది స్రవించిన పదార్థానికి ఆయన పెన్సిలిన్ అని పేరు పెట్టాడు. దానిని శుద్ధిచేసి మందుగా మలచినవారు ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన సాగించిన హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ మొదలైనవారు. 1941 ఫిబ్రవరిలో ఒళ్ళంతా చీముపట్టి మరణావస్థలో ఉన్న ఒక పోలీసు ఉద్యోగికి వారు ఆ మందు ఎక్కించగా ఒకటి రెండు రోజులలోనే అతడు తేరుకోసాగాడు. కాని అప్పటికి తయారైన మందు కొద్దిరోజులకే అయిపోయింది. అతని మూత్రంలో పోతున్న మందును సైతం వేరుచేసి తిరిగి వాడారు. అదీ చాలక, మార్చి నెలలో అతడు కన్నుమూశాడు. చాలినంత దొరకక ఒకనాడు ఒక ప్రాణం పోయిన ఆ మందు వంశానికి చెందిన మాత్రలు నేడు ప్రతి వీధిచివరి దుకాణంలోనూ దొరుకుతున్నాయి. 1945లో ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్‌లు నోబెల్ బహుమతి అందుకొన్నారు.

ఈ చరిత్రలో ఒక తెలుగువానికీ స్థానముంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. ఆ విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారువన్నె గల మందును కనుగొన్నాడు. 1948లో లోకానికి వెల్లడైన ఆ మందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ అనే కొత్త ఔషధ కుటుంబానికి అది తొలిచూలు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు మరణించారు. పెన్సిలిన్‌తో ఏ చుట్టరికమూ లేని ఇటువంటి కుటుంబాలు ఒక్కొక్కటే వెలుగులోకి రావడం వల్ల, పెన్సిలిన్ పడనివారికి సైతం చికిత్స చేసే మార్గం ఏర్పడింది.

శరీరం పడే పొరపాటు

పెన్సిలిన్ అణువు చాలా చిన్నది. ఒంటరిగా ఉన్నప్పుడు శరీర రక్షణవ్యవస్థ దానిని పట్టించుకోదు. అది రక్తంలోని ప్రోటీన్లకు అతుక్కొన్నప్పుడు మాత్రం కొందరి శరీరం ఆ జంటను చూసి శత్రువని భ్రమిస్తుంది. దానిని ఎదుర్కోవడానికి ‘ఐజీ-ఇ’ అనే ప్రతిరక్షకాలను తయారుచేసుకొంటుంది. 1966లో కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా దంపతులు గుర్తించిన ఈ ప్రతిరక్షకాలు చర్మంలోను, శ్వాసనాళాలలోను, పేగులలోను ఉండే మాస్ట్ కణాలపై కాపలా భటులవలె నిలుస్తాయి. ఈ సన్నాహమంతా నిశ్శబ్దంగా జరుగుతుంది. రోగికి దాని జాడే తెలియదు. మళ్ళీ ఎన్నడో అదే మందు శరీరంలో ప్రవేశించినప్పుడు ఆ భటులు దానిని పట్టుకొంటారు. వెంటనే మాస్ట్ కణాలు హిస్టమిన్ మొదలైన రసాయనాలను ఒక్కసారిగా వెదజల్లుతాయి.

ఆ రసాయనాల ప్రభావంతో చర్మం ఎర్రబారి దద్దుర్లు లేస్తాయి. పెదవులు, కనురెప్పలు, నాలుక వాస్తాయి. శ్వాసనాళాలు కుంచించుకొని పిల్లికూతలు వినిపిస్తాయి. రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది. కొందరిలో వాంతులు, కడుపునొప్పి కూడా కనిపిస్తాయి. ఇవి తీవ్రరూపం ధరించినప్పుడు ఆ స్థితిని ‘ఎనాఫిలాక్సిస్’ అంటారు. సూదిమందు తీసుకొన్నప్పుడు ఇది నిమిషాలలో రావచ్చు. మాత్ర మింగినప్పుడు సాధారణంగా ఒక గంటలోపల కనిపిస్తుంది. ‘పోయినసారి వాడితే ఏమీ కాలేదు, ఈసారీ ఏమీ కాదు’ అన్న ధీమా ఎందుకు తగదో ఈ ప్రక్రియను బట్టి గ్రహించవచ్చు. పోయినసారి ఏమీ కానప్పుడే శరీరం లోలోపల సన్నద్ధమై ఉండవచ్చు.

ఇంకొక రకం ఎలర్జీ ఆలస్యంగా వస్తుంది. మందు మొదలుపెట్టిన కొన్ని రోజులకు ఒంటిమీద ఎర్రని పొక్కులు తేలుతాయి. వీటిలో అధికభాగం ప్రమాదకరం కావు. కాని జ్వరంతోపాటు ఒంటిపై బొబ్బలు లేచి చర్మం ఊడుతున్నా, నోటిలోను కళ్ళలోను పుండ్లు పడుతున్నా అది అత్యవసర పరిస్థితి. స్టీవెన్స్-జాన్సన్ వ్యాధి అనే ఈ స్థితికి సల్ఫా జాతి మందులు ఒక ముఖ్యకారణం. ఇది ఒకసారి వచ్చినవారు కారణమైన మందును మళ్ళీ ఎన్నడూ వాడకూడదు. పరీక్ష కోసమైనా దానిని తిరిగి ఇవ్వడం తగదు.

రజ్జుసర్పభ్రాంతి

చీకట్లో తాడును చూసి పామని భయపడడాన్ని మన తత్త్వవేత్తలు రజ్జుసర్పభ్రాంతి అన్నారు. మందుల విషయంలో ఇటువంటి భ్రాంతి ఎంతగా వ్యాపించి ఉందో అమెరికా ఆరోగ్యశాఖవారి లెక్కలు తెలుపుతున్నాయి. ఆ దేశంలో నూటికి దాదాపు 10 మంది తమకు పెన్సిలిన్ పడదని చెబుతారు. పరీక్షించి చూస్తే నిజంగా ఎలర్జీ ఉన్నవారు జనాభాలో నూటికి ఒక్కరికన్న తక్కువే. అంటే పామని తలచినవాటిలో అధికభాగం తాళ్ళే.

ఈ భ్రాంతికి అనేక కారణాలున్నాయి. యాంటీబయాటిక్ మందులు చెడు బాక్టీరియాతోపాటు పేగులలో ఉండే మంచి బాక్టీరియాను కూడా నశింపజేస్తాయి. అందువల్ల కొందరికి విరేచనాలవుతాయి. కడుపులో వికారం పుడుతుంది. ఇవి మందు దుష్ప్రభావాలే గాని ఎలర్జీ కావు. వైరస్ వల్ల జ్వరం వచ్చిన పిల్లలకు ఒంటిమీద పొక్కులు రావడం సహజం. ఆ సమయంలో యాంటీబయాటిక్ మందు ఇచ్చి ఉంటే, వైరస్ చేసిన పనికి నింద మందు మీద పడుతుంది. తల్లికి పడకపోతే బిడ్డకూ పడదన్న ఊహ మరొక కారణం. కుటుంబంలో ఒకరికి పడకపోవడం ఒక్కటే ఇతరులు ఆ మందును మానడానికి తగిన కారణం కాదు. పైగా ఎలర్జీ శాశ్వతం కాదు. పెన్సిలిన్ వాడిన వెంటనే తీవ్రలక్షణాలు కనిపించిన నిజమైన ఎలర్జీ రోగులలో సైతం, పదేళ్ళపాటు ఆ మందుకు దూరంగా ఉంటే, నూటికి దాదాపు 80 మందిలో ఆ లక్షణం అంతరిస్తుంది.

తాడును పామనుకొన్నవాడు పక్కకు తప్పుకొంటే నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. నష్టం ఉంది. కీళ్ళవాతజ్వరం వల్ల గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు మూడు లేక నాలుగు వారాలకు ఒకసారి బెంజథీన్ పెన్సిలిన్ సూదిమందు ఇస్తారు. సంవత్సరాల తరబడి సాగే ఈ చికిత్స వ్యాధి తిరగబెట్టకుండా కాచే శ్రేష్ఠమైన కవచం. ఎన్నడో ఒకనాడు విరేచనాలైనందుకు ‘పెన్సిలిన్ పడదు’ అని చీటీపై రాసి ఉంటే, ఆ బాలుడు ఆ కవచాన్ని కోల్పోతాడు. ఇతరులకైతే వైద్యుడు పెన్సిలిన్‌కు బదులు మరింత విస్తృతమైన ప్రభావం గల మందును ఎంచుకోవలసి వస్తుంది. అటువంటి మందు కొన్ని వ్యాధులలో పెన్సిలిన్ అంత చక్కగా పనిచేయదు. ఖర్చు పెరుగుతుంది. మందులకు లొంగని బాక్టీరియా వృద్ధి చెందే అవకాశమూ పెరుగుతుంది.

అయితే తాడో పామో తేల్చుకోవడం ఇంట్లో జరగవలసిన పని కాదు. ‘ఒక మాత్ర వేసుకొని చూద్దాం’ అనుకోవడం చేయిపెట్టి పామును తడిమి చూడడం వంటిది. నిపుణుడైన వైద్యుడు ముందు పాత వృత్తాంతాన్ని విచారిస్తాడు. అవసరమైతే చర్మపరీక్ష చేస్తాడు. తరువాత, ఆపద వస్తే ఎదుర్కొనే సాధనాలన్నీ దగ్గర ఉంచుకొని, కొద్ది మోతాదులో మందు ఇచ్చి కనిపెట్టి చూస్తాడు. ఎలర్జీ నిజమైనప్పటికీ ఆ మందు తప్ప గత్యంతరం లేకపోతే, ఆసుపత్రిలో అత్యల్ప పరిమాణంతో ప్రారంభించి క్రమక్రమంగా పెంచుతూ శరీరాన్ని తాత్కాలికంగా అలవాటు చేసే పద్ధతి కూడా ఉంది. సూదిమందుకు ముందు చేతిమీద చుక్కమందు వేసి చూడడం మన ప్రాంతంలో వాడుకలో ఉంది. దానిలో ఏమీ కనిపించకపోయినంత మాత్రాన పూర్తి అభయం లభించినట్లు కాదు. సూదిమందు తీసుకొన్నవారు అరగంటసేపు అక్కడే కూర్చోవడం శ్రేయస్కరం.

మందుకు ఇంటిపేరు

ఆసుపత్రులలో తరచు ఇటువంటి సంభాషణ వినిపిస్తుంది.

“ఇంతకుముందు ఏ మందైనా పడకపోవడం జరిగిందా అమ్మా?”

“ఒకటి పడలేదు డాక్టరుగారూ, నా పెళ్ళికాకముందు.”

“ఏ మందు?”

“పేరు తెలియదండీ. ఎరుపు, పసుపు రంగుల గొట్టం మాత్ర.”

“వేసుకొంటే ఏమైంది?”

“ఒళ్ళంతా పేలిందని మా అమ్మ చెబుతుండేది.”

రంగును బట్టి మందును గుర్తించడం సాధ్యం కాదు. ఒకే మందును వేర్వేరు సంస్థలు వేర్వేరు రంగులలో, వేర్వేరు వ్యాపారనామాలతో అమ్ముతాయి. అందుచేత వ్యాపారనామం కన్న మూలనామం తెలుసుకోవడం ముఖ్యం. అట్టమీద రెండూ ముద్రించి ఉంటాయి. మూలనామంలో మందు కుటుంబం కూడా తెలుస్తుంది. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది. ఈ మందులలో చాలావాటికి ఇంటిపేరు చివర ఉంటుంది. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లాక్ససిలిన్ వంటి ‘సిలిన్’ అంతమందు గల పేర్లన్నీ పెన్సిలిన్ ఇంటివి. డాక్సీసైక్లిన్ వంటి ‘సైక్లిన్’లు టెట్రాసైక్లిన్ ఇంటివి. సిప్రోఫ్లాక్ససిన్, ఒఫ్లాక్ససిన్ మరొక ఇంటివి. సెఫలెక్సిన్, సెఫిక్సిమ్ వంటివాటికి మాత్రం తెలుగువారివలె ఇంటిపేరు ముందే వస్తుంది. ‘మైసిన్’ అన్న తోక మాత్రం మోసం చేస్తుంది. ఎజిత్రోమైసిన్‌దీ స్ట్రెప్టోమైసిన్‌దీ ఒకే ఇల్లు కాదు.

పెన్సిలిన్ ఇంటిలో ఒక మందు పడనివారు ఆ ఇంటి మందులన్నింటినీ, వైద్యుడు తేల్చి చెప్పేవరకు, మానవలసి ఉంటుంది. రెండేసి మందులు కలిపి చేసిన మాత్రలలో ఒకటి ‘సిలిన్’ కావచ్చు కనుక అట్టను పూర్తిగా చదవాలి. ‘సెఫ్’ కుటుంబానికి పెన్సిలిన్ కుటుంబంతో దూరపు చుట్టరికం ఉంది. పెన్సిలిన్ పడనివారిలో నూటికి పదిమందికి అవీ పడవని పూర్వం భావించేవారు. నూటికి దాదాపు ఇద్దరికే ఆ ఇబ్బంది ఉంటుందని నేడు తెలిసింది. అయినా ఆ నిర్ణయం వైద్యునిదే కావాలి.

ఆపద ముంచుకొచ్చినప్పుడు

మందు తీసుకొన్న కొద్దిసేపటికి దద్దుర్లతోపాటు గొంతు బిగుసుకోవడం, ఆయాసం, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం వంటి లక్షణాలు కనిపిస్తే ఒక్క నిమిషం కూడా వృథా చేయరాదు. మందును తక్షణం ఆపాలి. రోగిని వెల్లకిల పడుకోబెట్టి కాళ్ళు కొద్దిగా ఎత్తులో ఉంచాలి. ఊపిరి తీయడం కష్టంగా ఉంటే కూర్చోనివ్వాలి. లేపి నిలబెట్టడం, నడిపించడం ప్రమాదం. స్పృహలేనివారి నోటిలో నీరు పోయకూడదు. 108 వాహనాన్ని పిలిచి, దగ్గరలోని ఆసుపత్రికి చేర్చాలి. ఈ స్థితిలో ప్రథమ ఔషధం ఎడ్రినలిన్. దానిని తొడ వెలుపలివైపు కండలోకి సూదిద్వారా ఇస్తారు. దురద తగ్గించే మాత్రలు దానికి ప్రత్యామ్నాయం కావు. లక్షణాలు తగ్గిన కొన్ని గంటలకు మళ్ళీ తిరగబెట్టవచ్చు కనుక వైద్యుని పర్యవేక్షణలో ఉండడం అవసరం. ఎడ్రినలిన్ అందుబాటులో లేనిచోట, అర్హత లేనివారి చేత యాంటీబయాటిక్ సూదిమందు వేయించుకోవడం ఎంతటి సాహసమో దీనిని బట్టి ఊహించవచ్చు.

వాడకంలో వివేకం

అవసరం లేని మందు వాడకపోవడమే ఎలర్జీ నుంచి రక్షించే మొదటి ఉపాయం. జలుబు, ఫ్లూ, డెంగీ వంటివి వైరస్‌ల వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ మందులు వైరస్‌లను ఏమీ చేయలేవు. వాటిని అనవసరంగా వాడినప్పుడు మేలు శూన్యం, ఎలర్జీ వచ్చే అవకాశం మాత్రం మిగులుతుంది. పక్కింటివారికి పనిచేసిందని వారి మాత్రలు వాడడం, పోయినేడు మిగిలినవాటిని దాచి ఇప్పుడు మింగడం, పాత చీటీ చూపి కొత్త మందు కొనడం మానవలసిన అలవాట్లు.

వైద్యుడు చెప్పిన మోతాదును చెప్పిన వేళకు, చెప్పినన్ని రోజులు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానడం గాని, భయంతో అదనంగా పొడిగించడం గాని కూడదు. మందు పడలేదన్న అనుమానం కలిగితే మాత్రం తరువాతి మోతాదు వేసుకోకముందే వైద్యుని సంప్రదించాలి. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్ససిన్ వంటివాటిని పాలతోగాని, ఇనుము, కాల్షియం మాత్రలతోగాని కలిపి వేసుకొంటే అవి సరిగా ఒంటబట్టవు. మెట్రోనిడజోల్ వాడేటప్పుడు మద్యం నిషిద్ధం. డాక్సీసైక్లిన్ మాత్రను నిండుగ్లాసు నీటితో మింగి కొంతసేపు నిటారుగా ఉండాలి. పిల్లల మోతాదు వారి బరువును బట్టి మారుతుంది. పొడిరూపంలో ఉన్న మందులో కాచి చల్లార్చిన నీటిని గీత వరకు పోసి, బాగా కలిపి, సీసాతోపాటు ఇచ్చిన కొలతపాత్రతోనే తాగించాలి. వంటింటి చెంచాలు ఒకే కొలతలో ఉండవు. గర్భిణులు, బాలింతలు ఆ సంగతిని వైద్యునికి ముందే తెలపాలి.

ప్రభుత్వమూ ఈ విషయమై నిబంధనలు చేసింది. 2014 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చిన ‘షెడ్యూల్ హెచ్-1’ ప్రకారం కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్ మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. చీటీ రాసిన వైద్యుని వివరాలను, రోగి పేరును, మందు పేరును, పరిమాణాన్ని దుకాణదారు ఒక పుస్తకంలో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. అట్టమీద నిలువుగా ఉండే ఎర్రగీత, వైద్యుని సలహా లేకుండా ఆ మందును వాడరాదని తెలిపే హెచ్చరిక. దీనిపై కేంద్రప్రభుత్వం 2016లో ప్రజలలో ప్రచారం ప్రారంభించింది. ఏ మందు వల్లనైనా హాని కలిగితే జాతీయ ఔషధ భద్రతా కార్యక్రమానికి తెలియజేసే అవకాశం రోగులకూ ఉంది.

తక్కువ మోతాదులో వాడితే బాక్టీరియా పెన్సిలిన్‌కు అలవాటుపడి లొంగకుండా పోతుందని 1945లోనే ఫ్లెమింగ్ తన నోబెల్ ప్రసంగంలో హెచ్చరించాడు. ఆ హెచ్చరిక నిజమైంది. 2019లో మందులకు లొంగని బాక్టీరియా కారణంగానే ప్రపంచంలో 12 లక్షల 70 వేలమంది మరణించారని శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. పనిచేసే మందులు నానాటికీ తరిగిపోతున్న కాలంలో, ఉన్నవాటిలో ఒక కుటుంబాన్ని అకారణంగా దూరం చేసుకోవడం ఎవరికీ క్షేమం కాదు.

వాక్యం పూర్తికావాలి

మందు పడనప్పుడు చేయవలసిన పని చాలా చిన్నది. మందు మూలనామం, వాడిన ఎంతసేపటికి లక్షణాలు కనిపించాయి, అవి ఏవి, ఏ సంవత్సరంలో, ఏ చికిత్సతో తగ్గాయి అన్న అయిదు వివరాలను ఒక కాగితంపై రాసుకోవాలి. వీలైతే అట్టను, చర్మంపై దద్దుర్ల ఛాయాచిత్రాన్ని భద్రపరచాలి. ఆ కాగితం ప్రతి కుటుంబంలోనూ రేషన్ కార్డుతోపాటు దాచదగినది. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా, ఏ శస్త్రచికిత్సకు సిద్ధమైనా, అడగకముందే దానిని చూపాలి. చదువురాని పెద్దలున్న ఇంట్లో ఈ బాధ్యత చదువుకొన్న పిల్లలది. అట్టమీది సన్నని అక్షరాలను చదివి, అవ్వకో తాతకో పడని మందు పేరు రాసిపెట్టడం వారికి అయిదు నిమిషాల పని. రోగి స్పృహలో లేని వేళ ఆ కాగితమే అతని తరఫున మాట్లాడుతుంది.

‘పడదు’ అన్నది క్రియాపదం. క్రియ ఒక్కటే ఉంటే వాక్యం పూర్తికాదు. ఏది పడదు, ఎవరికి పడదు, ఎందుకు పడదు అన్నవి చేరినప్పుడే అది పూర్తి వాక్యమవుతుంది. ఆ పూర్తి వాక్యం వైద్యుని చేతికి అందినప్పుడు పాము పాముగా, తాడు తాడుగా కనిపిస్తాయి.

పదపరిచయం

అసాత్మ్యం : శరీరానికి ఒప్పనిది
ప్రతిరక్షకాలు : బయటినుంచి వచ్చిన పదార్థాలను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకొనే ప్రోటీన్లు
వ్యాకోచించు : విప్పారు, వెడల్పగు
రజ్జువు : తాడు
వృత్తాంతం : జరిగిన సంగతి
గత్యంతరం : వేరే దారి
శ్రేయస్కరం : మేలు కలిగించేది
తొలిచూలు : మొదటి సంతానం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మందుల ఎలర్జీ శరీరంలో ఏర్పడే క్రమాన్ని వివరించి, తక్షణమే కనిపించే లక్షణాలకూ ఆలస్యంగా కనిపించే లక్షణాలకూ గల భేదాన్ని తెలపండి.
2. ‘లేని ఎలర్జీని ఉన్నట్లు భావించడం కూడా నష్టమే.’ పాఠం ఆధారంగా సమర్థించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. పెన్సిలిన్ మందుగా రూపొందిన తీరును తెలపండి.
2. యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో వెలువడిన మందు విశేషాలేమిటి?
3. మందుల ఇంటిపేర్లను ఎలా గుర్తించవచ్చు?
4. అట్టమీది ఎర్రగీత ఏమి తెలుపుతుంది?

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. పామని తలచినవాటిలో అధికభాగం తాళ్ళే.
2. ఆ కాగితమే అతని తరఫున మాట్లాడుతుంది.

IV. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి
దివ్యౌషధం, మరణావస్థ, గత్యంతరం, జీవితాంతం

V. విద్యార్థి కృత్యం
ఇంట్లో ఉన్న మందుల అట్టలను పెద్దల సమక్షంలో పరిశీలించి, వ్యాపారనామాన్ని, మూలనామాన్ని, గడువు తేదీని పట్టికగా రాయండి. కుటుంబసభ్యులలో ఎవరికైనా ఏదైనా మందు పడలేదేమో అడిగి, పాఠంలో చెప్పిన అయిదు వివరాలతో ఒక పత్రం తయారుచేయండి.